గిన్నెకి అద్దె

జగ్గయ్యపేటలో బట్టీల బజారని ఒకటుంది. సున్నపు బట్టీలు ఎప్పుడో పోయాయి, పేరు మిగిలింది. ఆ బజారులో ఇద్దరు ఆరోగ్యమ్మలుండేవారు. పంపు పక్కనున్న ఆమె పంపు ఆరోగ్యమ్మ, రెండో ఆమె ఫ్రిజ్ ఆరోగ్యమ్మ. ఫ్రిజ్ ఆమె ఇంట్లో నిండా ఏడాది కూడా లేదు. పేరు మాత్రం పోలేదు. ఇప్పుడామె నందిగామలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. పేట నుంచి ఎవరన్నా కనబడితే "ఫ్రిజ్ ఆరోగ్యమ్మ బాగుందా?" అనే అడుగుతారు.

మా పెద్దక్క ఇల్లు ఆ బజారు చివర. నేను వెళ్తూ వస్తూ కొంత చూశాను, మిగతాది అక్క చెప్పింది. అక్క మజ్జిగ చెంబు కూడా ఆ ఫ్రిజ్‌లోనే ఉండేది. అందుకని ఆమె చెప్పినదాంట్లో కొంత తీసేసి రాస్తున్నాను.

ఆరోగ్యమ్మ పుట్టింది వేదాద్రి దగ్గర చిన్న ఊళ్ళో. మిరపచేలో ఆమె సాలు పట్టిందంటే పక్కసాలు వాళ్ళు వెనకబడాల్సిందే. జయరాజ్‌ని చేసుకుని పేట వచ్చింది. అతను సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తే కాంట్రాక్టు కూలీ. పని దిగి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా బూడిదరంగే ఉండేది. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని చర్చి గుడిలో ముందు నిలబడేవాడు. పెద్ద గొంతు. పాట అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే ఆఖర్న ఆపేవాడు. ఒక్కతే కూతురు, పరిమళ. చెన్నై దగ్గర ఫోన్లు బిగించే కంపెనీలో చేరి, తన తిండి తను తిని, ఈస్టరుకీ క్రిస్మసుకీ ఏదన్నా పంపేది.

జయరాజ్‌కి షుగరు. మాత్రలతో నెట్టుకొస్తుండగా బూటులో దూరిన సిమెంటు పెళ్ళ కాలివేలిని కోసింది. పుండు మానక వేలు తీసేశారు. ఫ్యాక్టరీ వాళ్ళు తగ్గాక రమ్మన్నారు. తగ్గలేదు. నందిగామలో డాక్టరు ఇక సూదిమందు తప్పదని చెప్పి, "చల్లగా ఉంచాలమ్మా. ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడిగాడు.

"కుండ ఉందండి."

"మన ఎండలకి కుండనే నమ్ముకుని కూర్చోకమ్మా. వేసవి లోపల ఏదో ఒకటి చూసుకో. మందు చెడిందంటే ఎక్కించినా ఒకటే, ఎక్కించకపోయినా ఒకటే. పైకి తెలీదు కూడా."

బజారులో మాస్టారింట్లో ఫ్రిజ్ ఉంది. మాస్టారంటే వరప్రసాదరావుగారు, రిటైరైన టీచరు, గుడి సంఘంలో పెద్ద. ఆరోగ్యమ్మ ముందు వాళ్ళ గేటు దగ్గరికే వెళ్ళింది. మాస్టారి భార్య గేటు తియ్యకుండానే "మాది పాతదయిపోయింది ఆరోగ్యమ్మా, నీళ్ళే చల్లబడట్లా" అంది.

అందుకని ఆమె నందిగామ సెంటరులో వాయిదాల మీద సామానిచ్చే షాపుకెళ్ళింది. ఆ షాపు తరఫున నెలనెలా వాయిదాలు వసూలు చేసేవాడు సతీష్‌బాబు. మాట మెత్తన. "రెండు వాయిదాలు వరసగా తప్పితే సరుకు వెనక్కి తీసుకుంటాం అమ్మా. సొంతిల్లున్న మనిషి ఒకరు జామీను ఉండాలి" అన్నాడు.

ఎదురింటి నాగశ్రీకి సొంతిల్లుంది. రోడ్డు మొదట్లో ఇడ్లీబండి ఉంది. వయసులో ఆరోగ్యమ్మ కంటే బాగా చిన్నది, నోటికి మాత్రం బజారుకే పెద్ద.

"సంతకం పెడతా గానీ అక్కా, నా పిండికి చోటిస్తావా మరి?"

"నీకు కాకపోతే ఎవరికే!"

కార్తీకంలో ఫ్రిజ్ ఆటోలో దిగింది. ఫాదర్‌గారు వచ్చి మంత్రించిన నీళ్ళు చల్లి వెళ్ళారు. ఆయన మలుపు తిరగ్గానే నాగశ్రీ వచ్చి తలుపు మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. "మీ దేవుడూ మా దేవుడూ కలిసి కాస్తారులే" అంది. అందరూ నవ్వారు. ఆరోగ్యమ్మ ఆ బొట్టు తుడవలేదు. ఫ్రిజ్‌లో మొదట పెట్టింది జయరాజ్ మందు కాదు, నాగశ్రీ పిండి డ్రమ్ము. మందు తలుపు అరలో సర్దింది.

నెల తిరిగేసరికి అది బజారు ఫ్రిజ్. పాలపాకెట్లు, కనకాంబరాలు, ఎవరిదో చేపల కూర, మా అక్క మజ్జిగ. ఇంటాయన మంచం మీద పడుకునుంటే ఆడవాళ్ళు చెప్పులు విప్పి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, ఏదో ఒకటి పెట్టో తీసో వెళ్ళేవారు. మాస్టారింటి గేటు దాటి గిన్నె పట్టుకెళ్ళే చనువు ఎవరికీ లేదు. ఆరోగ్యమ్మ గడపకి గేటే లేదు. జయరాజ్‌కి అదొక కాలక్షేపం. "ఎవరది? చేపలా, కోడా? కోడైతే ఓ ముక్క పన్ను కట్టి వెళ్ళండి" అనేవాడు. నిజంగానే ఇద్దరు ముగ్గురు ముక్కలు పెట్టేవారు.

ఒకరోజు నాగశ్రీ డ్రమ్ము బయటికి లాగుతుంటే తలుపు విసురుగా కొట్టుకుని మందుసీసా కింద పడి పగిలింది. నాగశ్రీ చూసింది. "గాజుసీసా తలుపుకి పెట్టుకుంటారా అక్కా ఎవరన్నా?" అని డ్రమ్ము ఎత్తుకుని వెళ్ళింది. గాజుపెంకులు ఆరోగ్యమ్మ ఏరుకుంది. నందిగామ వెళ్ళి, మందుల కౌంటరులో మాటలు పడి, ఇంకో సీసా తెచ్చుకుంది. ఆ తర్వాత మందుని ఒక అట్టపెట్టెలో పెట్టి పైఅరలో లోపలికి జరిపింది. మిరపకోతలు సాగుతున్నాయి, వాయిదాలు తప్పకుండా కడుతోంది. గుడికెళ్ళేటప్పుడు ఆమె నడక కూడా కాస్త మారిందని అక్క అనేది.

ఉగాది దాటింది, చేలు ఖాళీ అయ్యాయి. కూలి లేదు. ఏప్రిల్ వాయిదా తప్పింది. సతీష్‌బాబు ఇంటికి రాలేదు. అతని పద్ధతి వేరు. పొద్దున్నే నాగశ్రీ బండి దగ్గర కూర్చుని, ఇడ్లీ తింటూ, వచ్చేపోయేవాళ్ళకి వినబడేట్టు, "ఆరోగ్యమ్మగారు ఊళ్ళో లేరా అక్కా? ఫోనెత్తట్లేదు. మరి జామీను మీరే గదా" అనేవాడు. బిల్లు అడగకుండా వెళ్ళనీదు నాగశ్రీ ఎవర్నీ, అతన్ని తప్ప.

ఆరోగ్యమ్మకి అప్పుడు తట్టిన ఆలోచన చూడటానికి చాలా సబబైనది. పన్నెండిళ్ళవాళ్ళు పెట్టుకుంటున్నారు. గిన్నెకి నెలకి ముప్పై రూపాయలు వేసుకున్నా కరెంటు బిల్లు పోను వాయిదాలో కొంతన్నా వస్తుంది. మే నెల గట్టెక్కితే జూన్లో పత్తిపనులు మొదలవుతాయి. ఈలోపు ఫ్రిజ్ ఇంట్లో ఉంటే చాలు, ఆయన మందుకి ఢోకా లేదు. కాకపోతే తన నోటితో అడగలేక నాగశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"నేనంటే బాగోదే. నువ్వన్నట్టుగా ఓ మాట కదుపు."

"నేనన్నట్టుగానా?" నాగశ్రీ గరిటె ఆపింది. "సరేలే అక్కా, చెప్తా."

చెప్పింది. సాయంత్రానికి పంపు దగ్గర ఇదే ముచ్చట.

"ఆరోగ్యమ్మ చల్లదనం అమ్ముతోందంట!"

"చేప తలకాయికెంత, తోకకెంత?"

"నా మజ్జిగ ఒక్క పూటేనమ్మా. అర్ధరూపాయి తీసుకుంటుందా, చిల్లర లేదంటుందా?"

"రేపు వాళ్ళింటి ముందు నీడలో నిలబడినా టికెట్టు చింపుద్ది."

మా అక్కని అడిగాను, ముప్పై రూపాయలకి ఇంత ఎందుకని. "ముప్పై కాదురా. మా బజారులో పాలలోకి తోడు అడిగితే ఎవరూ లేదనరు. తోడుకి ఖరీదు కట్టినామెని మాత్రం ఇంకెవరూ పలకరించరు. ఆ సంగతి ఆరోగ్యమ్మకి తెలియదా? కోతల డబ్బు చూసి మరిచిపోయింది" అంది. ఆ ముప్పై ఇవ్వలేనివాళ్ళు ఆ బజారులో నలుగురు కూడా లేరు.

మాస్టారు కూడా గుడి ముందు ఆమెని ఆపాడు. "ఇచ్చిపుచ్చుకునేచోట అద్దె మాట తేకూడదమ్మా ఆరోగ్యమ్మా. మన పద్ధతి కాదు. నీ మీద నాకు గౌరవం ఉంది కాబట్టి చెప్తున్నా."

"అలాగేనండి మాస్టారూ" అంది ఆరోగ్యమ్మ. "వద్దంటానులెండి. మామూలుగానే పెట్టుకోమంటా."

అప్పటికే ఆలస్యమైంది. ఎవరూ పోట్లాటకి రాలేదు. ఒక్కొక్కరే వచ్చారు. "అక్కా, మా గిన్నె" అని తీసుకున్నారు. "అద్దె లేదమ్మా, ఉంచండి" అని ఆమె అంటున్నా, "ఎందుకులే, నీకు ఇబ్బంది" అన్నారు. మా అక్క కూడా చెంబు తెచ్చేసుకుంది. చివరికి నాగశ్రీ డ్రమ్ము లేచింది. లోపల పైఅరలో మందు అట్టపెట్టె ఒక్కటే మిగిలి, బల్బు వెలుగు తెల్లగా దాని మీద పడుతోంది.

"పోన్లే, ఇప్పుడు దానికి గాలాడుద్ది" అన్నాడు మంచం మీంచి జయరాజ్. ఆరోగ్యమ్మ ఫ్రిజ్ తలుపు వేసేసింది.

మే వాయిదా కూడా తప్పింది. కమ్మలు తాకట్టు పెట్టి సగం తెచ్చింది. సగం తీసుకునే పద్ధతి లేదన్నాడు సతీష్‌బాబు. కాకపోతే అతనికీ ఒక చిక్కుంది. సరుకు నందిగామ చేర్చాలంటే ఆటో కిరాయి అతని జేబులోంచే పోతుంది. ఆ మాట బండి దగ్గర అన్నాడు.

"అంత దూరం తోలుకెళ్ళటం ఎందుకయ్యా?" అంది నాగశ్రీ. "రోడ్డు దాటిస్తే పోలా? ఆవిడ కట్టినవి కట్టినట్టే. మిగిలినవి నేను కట్టుకుంటా. నా జామీనూ తీరిపోద్ది."

అలా కుదిరింది. మిట్టమధ్యాహ్నం నలుగురు మగాళ్ళు వచ్చి ప్లగ్గు పీకారు. ఆరోగ్యమ్మ ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడింది.

"బాబూ, ఇన్నాళ్ళు కట్టానే. ఆ డబ్బు?"

"వాడుకున్నారు గదమ్మా. అద్దె అనుకోండి" అన్నాడు సతీష్‌బాబు, ఎప్పటిలాగే మెత్తగా.

గుమ్మం అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. "అద్దె అంటే ఆవిడకి తెలీని మాటా!"

"ఎండాకాలం అయిందాకా ఉంచండి బాబూ. ఆయన మందు ఉంది అందులో."

"మందు తీసుకోండమ్మా. మందు మీదే."

జయరాజ్ అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. తలుపు మీద వెలిసిపోయిన కుంకుమ బొట్టుతో సహా ఫ్రిజ్ రోడ్డు దాటింది. నేల మీద, అది నిలబడ్డ చోట, చదరంగా మచ్చ మిగిలింది. సాయంత్రానికి బజారు గిన్నెలన్నీ నాగశ్రీ ఇంటికి చేరాయి. నాగశ్రీ ఎవర్నీ పైసా అడగలేదు.

అందరూ ఉండగానే ఆరోగ్యమ్మని కేకేసింది కూడా. "బావ మందు నా దాంట్లో పెట్టుకో అక్కా. నేనేం అద్దె అడగనులే."

ఎంత మంచి మనసో అన్నారు. ఆరోగ్యమ్మ తల వంచుకుని వెళ్ళి అట్టపెట్టె పెట్టి వచ్చింది. రోజుకి రెండుసార్లు ఆ గడప ఎక్కాలి. తెల్లారకముందే నాగశ్రీ ఇంటికి తాళం పెట్టి బండి దగ్గరికి పోతుంది కాబట్టి, ఆ తాళంచెవి కోసం ఆరోగ్యమ్మ బండి దగ్గరికి వెళ్ళి, బేరాలు అయ్యేదాకా పక్కన నిలబడాలి. "ఉండక్కా, చెయ్యి ఖాళీ లేదు" అనేది నాగశ్రీ. జయరాజ్‌కి పొద్దుటి సూది పదింటికో పదకొండింటికో పడేది. అయినా పడేది.

ఒకరోజు బండి దగ్గర ఇడ్లీ తినే ఆసామీ ఒకాయన చెయ్యి ఆపి, "పుండు మనిషి మందూ నీ పిండీ ఒకే దాంట్లో ఉంటాయంటగా?" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు.

ఆ రోజు ఆరోగ్యమ్మ పరిటాలలో పెళ్ళివంటకి పోయింది. ఇంట్లో జయరాజ్ ఒక్కడే. నాగశ్రీ అట్టపెట్టె తీసి, నల్లటి క్యారీబ్యాగులో వేసి, ఆరోగ్యమ్మ ఇంటి తలుపు గొళ్ళేనికి తగిలించి వెళ్ళింది. పిలిచాననీ, ఆయన పలకలేదనీ తర్వాత చెప్పింది. నిద్రలో ఉండి ఉంటాడు. రోళ్ళు పగిలే రోహిణికార్తె. ఆ తలుపు పడమటి తలుపు.

ఆరోగ్యమ్మ దీపాలవేళకి వచ్చింది. తలుపు తీయబోతూ సంచి ముట్టుకుంది. లోపలి సీసాలు, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెల్లా కాలుతున్నాయి. ఎదురింటి వైపు చూసింది. నాగశ్రీ అరుగు మీద మర్నాటికి చట్నీ పప్పులు ఏరుతోంది.

"బండి దగ్గర జనం ఏదో అంటున్నారక్కా. నా వ్యాపారం గదా. ఏమనుకోమాక."

ఆరోగ్యమ్మ సంచి విప్పింది. సీసాలకి తడిబట్ట చుట్టి, కుండ కింది ఇసకలో నీళ్ళు పోసి, కుండలో దించింది. నెలమందు అది. కిందటిసారి సీసా పగిలినప్పుడు కౌంటరులో అన్న మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. మళ్ళీ వెళ్ళి ఏమని చెప్పాలి? పైకెత్తి చూసింది. చూడటానికి మందు ఎప్పట్లాగే ఉంది. అదే వాడింది, ఒక్క పూట కూడా తప్పకుండా. తాళంచెవి కోసం నిలబడే పని లేదు కాబట్టి ఇప్పుడు వేళకే వాడింది.

జయరాజ్‌కి దాహం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా ఆరని దాహం. పుండు నల్లబడి చీలమండ దాటింది. మాట తడబడింది. ఆటోలో నందిగామ తీసుకెళ్తే డాక్టరు చూసి, "మందు మానేశారా?" అన్నాడు.

"పూటా తప్పలేదండి. దేవుడి తోడు."

డాక్టరు కాగితం మీద ఏదో రాస్తూ రాస్తూ ఆగి ఆమె వంక చూశాడు. అబద్ధం చెబుతోందనుకున్నాడు. బెజవాడ తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సు వచ్చేలోపే, ఆ ఆసుపత్రి వరండాలోనే, జయరాజ్ పోయాడు.

శవాన్ని బజారుకి తెచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. పరిమళ చెన్నై నుంచి మర్నాడు పొద్దున గానీ రాలేదు. అప్పటిదాకా ఆ ఎండలో ఎలా ఉంచుతారు? మాస్టారు వెంటనే చెయ్యి వేశాడు. తుండుగుడ్డ పట్టుకుని ఇంటింటికీ ఆయనే నడిచాడు. ఎవరూ లేదనలేదు, బేరం చెయ్యలేదు. నాగశ్రీ అందరికంటే ముందు ఐదొందలు తీసిచ్చింది. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. అరగంట పట్టలేదు. ఫ్రీజర్ పెట్టెకి రోజు అద్దె, నందిగామ నుంచి తెచ్చే ఆటో కిరాయి, ఇంకా పూలదండకి కూడా మిగిలింది.

పెట్టె వచ్చింది. గాజుమూత, కింద మోటారు. పెట్టె తాలూకు మనిషి గోడలు వెతికి, ఫ్రిజ్ ప్లగ్గు ఉండే చోటే దీని ప్లగ్గూ పెట్టాడు. వైరు అంతవరకే అందుతుంది కాబట్టి పెట్టె కూడా ఆ మచ్చ మీదే నిలబెట్టాల్సి వచ్చింది. మోటారు గురగురమంది. గాజుకి లోపల్నించి చెమ్మ పట్టింది. ఆరోగ్యమ్మ కొంగుతో పైనుంచి తుడిచింది. చెమ్మ లోపల ఉంది గనక పోలేదు. మళ్ళీ తుడిచింది.

గదినిండా ఆడవాళ్ళు. మాస్టారి భార్య కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. నాగశ్రీ ఆరోగ్యమ్మ పక్కన చతికిలబడి వీపు నిమురుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు నిజమైనవే.

"ఊరుకో అక్కా. బావ ఎండకి ఎంత అల్లాడిపోయాడో. ఇప్పుడు చల్లగా ఉన్నాడు చూడు."

ఆరోగ్యమ్మ తుడవడం ఆపింది. నాగశ్రీ ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు. పంపు దగ్గర పలకరించినట్టే అంది.

"కాళ్ళ దగ్గర చోటుందే నాగశ్రీ. వెళ్ళి నీ పిండి డ్రమ్ము తెచ్చుకుని పెట్టుకో. అద్దె మీరే కట్టారుగా."

నాగశ్రీ చెయ్యి వీపు మీదే ఆగిపోయింది. మోటారు చప్పుడొక్కటే ఉంది. కాసేపటికి మాస్టారి భార్య కుర్చీలోంచి లేచి, "దుఃఖం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది" అని కొంగు సర్దుకుంది. గుమ్మం దాటాక ఎవరో, "శవం ముందు కూర్చుని కూడా ఆ నోరు చూడండి. చందాలు ఎత్తింది ఇందుకా!" అన్నారు. ఒక్కొక్కరే లేచారు. గిన్నెలు తీసుకెళ్ళిన రోజులాగే ఒక్కొక్కరే. నాగశ్రీ అందరికంటే ఆఖర్న వెళ్ళింది.

మర్నాడు పరిమళ వచ్చింది, సమాధి అయిపోయింది. వచ్చినవాళ్ళు తక్కువ. పాట మొదలుపెట్టేవాడే లేకపోవడంతో అది సన్నగా, ఎక్కడో మధ్యలో మొదలైంది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి పెట్టె మనిషి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. గడువు దాటింది కాబట్టి రెండోరోజు అద్దె కూడా పడుతుందన్నాడు. ఈసారి తుండుగుడ్డ పట్టుకుని ఎవరూ రాలేదు. ఆ అద్దె కింద పరిమళ తన ఫోను అతని చేతిలో పెట్టింది. అది కూడా వాయిదాల మీద కొన్నదే.